మిగులు తక్కువ చూపిన అకౌంట్స్ మేనేజరుకు పురస్కారం: ఒక ఎంపిక కథ

గోదావరి డెల్టాలో నాలుగు హైస్కూళ్లు నడుపుతున్న ఒక సొసైటీ 2023లో కొత్త పురస్కారం పెట్టాలనుకుంది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు టీచర్లకు శాలువాలు కప్పుతారు. పదో తరగతి ఫలితాలు రాగానే హెడ్మాస్టర్ల మెడలో దండలు పడతాయి. ఫీజు కౌంటరు వెనక గదిలో కూర్చుని, నెల తిరిగేసరికి అందరికీ జీతాలు పడేలా చూసేవాళ్లను మాత్రం ఎవరూ వేదిక ఎక్కించరు. ఆ వెలితి తీర్చాలన్నది కరస్పాండెంట్ గారి ఆలోచన. ఎంపిక సంఘంలో బయటి చార్టర్డ్ అకౌంటెంట్ ఒకరు ఉండాలని నన్ను పిలిచారు. ఆ సొసైటీ ఆడిట్ నా చేతిలో లేదు కనుక ఒప్పుకున్నాను. స్కూళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. అంకెలు గుండ్రం చేశాను, వాటి మధ్య పొంతన మాత్రం చెడగొట్టలేదు.

సంఘంలో మేం నలుగురం: కరస్పాండెంట్ గారు, సొసైటీ కోశాధికారి, రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు, నేను. నేను వెళ్లేసరికే దరఖాస్తు ఫారం తయారై ఉంది. అందులో మూడు గడులు: ఫీజు వసూలు శాతం, ఏడాది మిగులు, నిరుటితో పోలిస్తే ఖర్చులో ఆదా. నాలుగు స్కూళ్లలో రెండింటి పేర్లే చివరిదాకా నిలిచాయి. రెండిటి ఆదాయమూ ఇంచుమించు మూడున్నర కోట్లు. మొదటి స్కూలు అకౌంట్స్ మేనేజరు ఒక మహిళ, అక్కడ పదహారేళ్ల సర్వీసు. ఆమె వసూలు 91 శాతం, మిగులు 6 లక్షలు. రెండో స్కూల్లో కుర్రాడు, చురుకైనవాడు, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగినవాడు. అతని వసూలు 98 శాతం, మిగులు 41 లక్షలు.

"ఇందులో ఆలోచించడానికి ఏముందండీ?" అన్నారు కోశాధికారి గారు.

ఫారం పక్కన పెట్టి, రెండు స్కూళ్ల లెడ్జర్లూ తెప్పించమన్నాను.

ముందు ఆ 41 లక్షల సంగతి. రెండో స్కూలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వచ్చే విద్యా సంవత్సరానికి అడ్మిషన్లు మొదలుపెట్టి మొదటి వాయిదా కట్టించుకుంటుంది. అలా వచ్చిన 17 లక్షలు ఈ ఏడాది ఆదాయంలో కలిసిపోయాయి. పిల్లలు ఇంకా ఆ తరగతి గదిలో అడుగు పెట్టలేదు, పాఠం మొదలు కాలేదు. ఆ డబ్బు స్కూలు తల్లిదండ్రులకు పడ్డ బాకీ, బ్యాలెన్స్ షీటులో అప్పుల వైపు ఉండాల్సింది. కొత్త పిల్లల దగ్గర తీసుకున్న కాషన్ డిపాజిట్ 4 లక్షలదీ ఇదే కథ. టీసీ తీసుకునే రోజున తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము ఆదాయంగా పడింది. కుర్రాడు ఏదీ దాచలేదు. ముందున్న క్యాషియరు ఎలా రాస్తే అలాగే రాసుకుంటూ వచ్చాడు. డబ్బు చేతికొచ్చిన రోజే ఆదాయంగా రాసే నగదు పద్ధతి ఉన్న స్కూళ్లలో ఇది మామూలే. స్కూళ్ల లెక్కల కోసం చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ప్రత్యేకంగా మార్గదర్శక పత్రం వెలువరించిందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఈ రెండూ తీసేస్తే మిగులు 20 లక్షలకు దిగింది. అసలు విషయం ఆ తర్వాత ఉంది: గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లిపోయే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన సొమ్ము.

ప్రైవేటు స్కూలు టీచర్ల గ్రాట్యుటీకి పెద్ద చరిత్ర ఉంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టాన్ని కేంద్రం 1997 ఏప్రిల్ 3న పదిమంది, అంతకుమించి పనిచేసే విద్యాసంస్థలకు వర్తింపజేసింది. అయితే చట్టంలోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి టీచరు రాడని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు 2009లో ఆ నిర్వచనాన్నే మార్చి, మార్పు 1997 ఏప్రిల్ 3 నుంచే అమల్లో ఉన్నట్టు శాసించింది. పాత తేదీ నుంచి భారం మోపడం అన్యాయమని ప్రైవేటు స్కూళ్లు కోర్టులకెక్కాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించడంతో వ్యవహారం తేలిపోయింది. మధ్యలో గడిచిన పదమూడేళ్లూ చాలా యాజమాన్యాలు "కేసు కోర్టులో ఉంది కదా" అని కూర్చున్నాయి. రెండో స్కూలూ అంతే. పైసా పక్కన పెట్టలేదు.

భారం ఎంతో తెలియాలంటే ఒక లెక్క చాలు. బేసిక్, డీఏ కలిపి చివరి నెల జీతం 26,000 అనుకుందాం. దాన్ని నెల పనిదినాల కింద 26తో భాగించి, పదిహేను రోజుల జీతం కనుక 15తో హెచ్చిస్తే ఏడాది సర్వీసుకు 15,000. ఇరవై ఏళ్లు పనిచేసిన టీచరుకు 3 లక్షలు. ఏడాది జీతాల మీద చూస్తే ఇది 4.8 శాతం దాకా తేలుతుంది. పైగా పాత సర్వీసుకు కూడా కొత్త జీతం మీదే కట్టాలి కనుక, జీతం పెంచిన ప్రతిసారీ వెనకటి ఏళ్లన్నీ కలిసి బరువెక్కుతాయి. ఈ సంగతి యాజమాన్యాలకు ఒక పట్టాన ఎక్కదు. రెండో స్కూల్లో బేసిక్, డీఏ కలిపి ఏడాదికి కోటిన్నర. అంటే ఆ ఒక్క ఏడాది గ్రాట్యుటీ బాధ్యతే సుమారు 7 లక్షలు. మిగులు 13 లక్షలకు వచ్చింది. పాత ఏళ్ల బాకీ జోలికి ఇంకా పోలేదు.

మొదటి స్కూలు మిగులు 6 లక్షలే ఎందుకుందో ఇప్పుడు చూడండి. ఆ ఏడాది ఆమె ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ పథకంలో 22 లక్షలు కట్టించారు. అందులో 7 లక్షలు ఆ ఏడాదివి, 15 లక్షలు గతంలో పేరుకున్న బాకీలో చివరి వాయిదా. పాత బాకీకి కట్టింది పక్కన పెడితే ఆమె స్కూలు మిగులు 21 లక్షలు. ఒకే కొలతతో కొలిస్తే 21కి 13. ఫారంలో 6కి 41 అని ఉన్నది ఇదే.

ఈ పథకాన్ని ఆమె 2014లో మొదలుపెట్టించారు. అప్పటికి సుప్రీంకోర్టు తీర్పు ఇంకా ఎనిమిదేళ్ల దూరంలో ఉంది. స్కూలు యాజమాన్య కమిటీ ముందు ఆమె పెట్టిన నోటు ఫైల్లో భద్రంగా ఉంది, చదివాను. ఒకే పేజీ, చేతిరాత, మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క 'కేసు గెలిస్తే', కుడి పక్క 'కేసు ఓడితే'. గెలిస్తే కట్టిన డబ్బు టీచర్ల పేరునే ఉంటుంది, వాళ్లు మన దగ్గరే ఉండిపోవడానికి అదొక కారణం అవుతుంది. ఓడితే మొత్తం ఒక్కసారి మీద పడుతుంది, ఆ ఏడాది భవనం పనులూ ఆగిపోతాయి. కింద ఐదేళ్లలో రిటైరయ్యే ఏడుగురు సీనియర్ల పేర్లు, వాళ్లకు ఇవ్వాల్సిన మొత్తాలు. ఆ కింద మరో వాక్యం: ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 1 ప్రకారం ఆదాయంలో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బృంద బీమా వంటి ఉద్యోగుల ప్రయోజనాలకు పోవాలి కదా, మనం ఎంత పెడుతున్నాం?

ఆ జీవో సంగతి ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. జీతాలకు 50 శాతం, ఉద్యోగుల ప్రయోజనాలకు 15, నిర్వహణకు 15, అభివృద్ధికి 15, యాజమాన్యానికి 5. తనిఖీకి వచ్చినప్పుడు ఆ శాతాలు కుదిరేలా పట్టిక తయారుచేసి ఇవ్వడం చాలా ఆఫీసులకు వెన్నతో పెట్టిన విద్య. బడ్జెట్‌ను ఆ పట్టికతో మొదలుపెట్టిన వాళ్లను నేను తక్కువగా చూశాను. ఆమె మొదలుపెట్టారు.

డబ్బును ఎల్‌ఐసీకి నిజంగా కట్టడంలో పన్ను వైపు లాభమూ ఉంది. పన్ను మినహాయింపు కావాలంటే ఛారిటబుల్ సంస్థ తన ఆదాయంలో 85 శాతాన్ని లక్ష్యాలకు వినియోగించాలి. 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, చేతి నుంచి వెళ్లిన డబ్బునే వినియోగం కింద లెక్కిస్తున్నారు. పుస్తకాల్లో 'గ్రాట్యుటీకి కేటాయింపు' అని ఎంట్రీ వేసుకుంటే ఉద్యోగుల ప్రయోజనాలను ఎలా లెక్క రాయాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 15 సంతోషిస్తుంది కానీ, పన్ను లెక్కలో అది వినియోగం కాదు. ఆమోదం పొందిన గ్రాట్యుటీ ఫండుకు చెక్కు రాస్తే అవుతుంది. కేటాయింపులు చేసుకుని నిద్రపోయిన చాలా సంస్థలకు ఈ తేడా 2022 తర్వాతే అర్థమైంది. ఆమె ఎనిమిదేళ్లుగా చెక్కులే రాస్తున్నారు.

ఇక వసూలు శాతం. 98కీ 91కీ తేడా చూసి ఆమెకు మెతకదనం ఎక్కువని కోశాధికారి గారు అనుకున్నారు. రావాల్సిన ఫీజులు రాసుకునే డిమాండ్ రిజిస్టరును రెండో స్కూల్లో తిరగేస్తే మధ్యలో మానేసిన పిల్లల బకాయిలు మార్చి 31కి ముందే కొట్టేసి ఉన్నాయి. రావాల్సిన మొత్తం, అంటే హారం తగ్గితే శాతం పెరుగుతుంది. మిగిలినదాన్ని హాల్ టికెట్లు బల్ల సొరుగులో పెట్టుకుని రాబట్టారు. పదో తరగతి పిల్లవాణ్ని పరీక్ష ముందు ఆఫీసు గుమ్మంలో నిలబెట్టి వసూలు చేసిన 98 శాతం మీద నాకు గౌరవం లేదు. సంఘంలో ఈ మాట ఇంతే సూటిగా చెప్పాను. హెడ్మాస్టరు గారు తలూపారు, కోశాధికారి గారు ఊపలేదు.

మొదటి స్కూల్లో పద్ధతి వేరు. అక్కడి పిల్లల్లో సగం మంది వ్యవసాయ కుటుంబాల వాళ్లు, అందులోనూ కౌలు రైతులు ఎక్కువ. పాత వాయిదాలు జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో ఉండేవి. ఎక్కడో పట్నం స్కూలు కరపత్రం చూసి పెట్టుకున్నట్టున్నారు. డెల్టాలో డబ్బు ఆ నెలల్లో తిరగదు. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు ఏప్రిల్ చివర, మే నెలలో చేతికొస్తుంది. బడి తెరిచే జూన్ నాటికి అందులో చాలా భాగం పాత అప్పులకూ పెళ్లిళ్లకూ పోయి, మిగిలింది సార్వా (ఖరీఫ్) నారుమళ్ల వైపు చూస్తుంటుంది. సెప్టెంబరులో చేలో ఎరువు వేసే రైతును ఫీజు అడిగితే వడ్డీకి తెచ్చి కట్టాలి. సార్వా డబ్బు సంక్రాంతి ముందూ వెనకా వస్తుంది.

ఆమె మూడు రకాల వాయిదాలు పెట్టారు. వ్యవసాయ కుటుంబాలకు మేలో సగం, సంక్రాంతి తర్వాత సగం. దీనికోసం వేసవి సెలవుల్లోనూ ఫీజు కౌంటరు తెరిచి ఉంచారు. మే నెల ఏప్రిల్ ఒకటి తర్వాతే వస్తుంది కనుక ఆ రసీదులు సరైన ఆర్థిక సంవత్సరంలోనే పడతాయి, ముందు చెప్పిన 17 లక్షల గొడవ ఇక్కడ పుట్టదు. నెల జీతగాళ్లకు నెలవారీ. రొయ్యల చెరువులు ఉన్నవాళ్లకు పట్టుబడి అయ్యాక, కానీ ముందే తేదీ రాయించుకుని. రిజిస్టరులో ప్రతి పేరు ఎదురుగా స, నె, ప అని పెన్సిలుతో రాసి ఉన్నాయి: సాగు, నెలజీతం, పట్టుబడి. కంప్యూటర్లో ఇలాంటి గడి లేక రిజిస్టరులో ఉంచారట. పెన్సిలు ఎందుకని అడిగితే, చెరువు దెబ్బతిన్న ఏడాది 'ప'ని చెరిపి 'నె' రాయాల్సి వస్తుందన్నారు.

రాని 9 శాతానికీ లెక్క ఉంది. కట్టలేనివాళ్లు, ఆలస్యంగా కట్టేవాళ్లు, కట్టగలిగీ కట్టనివాళ్లు అని విడదీశారు. కట్టలేని పిల్లలకు రాయితీ ఇచ్చే అధికారం తన దగ్గర పెట్టుకోలేదు. హెడ్మాస్టరు, ఒక టీచరు, ఒక కమిటీ సభ్యుడు కూర్చుని నిర్ణయిస్తారు, ఆ పేర్లు తరగతి గదిదాకా పోవు. రాయితీ మొత్తాన్ని ఫీజులోంచి నిశ్శబ్దంగా తగ్గించరు. పూర్తి ఫీజు ఆదాయంగా చూపి, రాయితీని ఖర్చుగా చూపుతారు. ఛారిటబుల్ సంస్థ అని చెప్పుకునే స్కూలుకు ఇంతకన్నా పనికొచ్చే ఎంట్రీ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కోవిడ్ సంవత్సరం గురించి ఎక్కువ చెప్పను. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ 70 కూడా రాలేదు. ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్ముకున్న రోజులవి. తెలంగాణ ప్రభుత్వం 2021లో వాళ్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. మొదటి స్కూల్లో మూడు నెలల జీతాలకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆదాయంలో షరతులు లేకుండా దాచుకోవడానికి చట్టం ఒప్పుకునే 15 శాతంలోంచి ఏటా కొంత తీసి కట్టినదది. ఆయాలకు, అటెండర్లకు పూర్తి జీతం, టీచర్లకు సగం చొప్పున దాన్ని బడి తెరిచేదాకా సాగదీశారు. రెండో స్కూలు ఏప్రిల్ నుంచే జీతాలు ఆపేసింది. ఆ ఏడాదీ దాని పుస్తకాల్లో మిగులే ఉంది.

స్కూలు వ్యాన్ల విషయంలో ఒక కమిటీ సభ్యుడి బంధువుకు కాంట్రాక్టు ఇవ్వబోతే, మరో ఇద్దరి దగ్గర కొటేషన్లు తెప్పించి, సంస్థ డబ్బుతో యాజమాన్యం బంధువులకు లాభం చేకూరిస్తే పన్ను మినహాయింపు పోతుందని చెప్పే అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 13 జిరాక్సు కాగితం జతచేసి ఫైలు పైకి పంపారు. కాంట్రాక్టు వేరే అతనికి వెళ్లింది. ఆ సభ్యుడు ఆమెతో ఏడాదిపాటు మాట్లాడలేదని హెడ్మాస్టరు గారు చెప్పారు.

ఇంత చూశాక కూడా కోశాధికారి గారు మెత్తబడలేదు. ఆయన వాదన కొట్టిపారేయదగ్గది కాదు: "మిగులు లేకపోతే కొత్త గదులు ఎలా కడతాం? పక్క ఊళ్లో కార్పొరేట్ స్కూలు ఏసీ గదులు చూపిస్తోంది." నిజమే. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది జడ్జీల ధర్మాసనం కూడా ప్రైవేటు విద్యాసంస్థ అభివృద్ధికి సహేతుకమైన మిగులు ఉంచుకోవచ్చనే చెప్పింది, లాభాపేక్ష కూడదంది. అయితే 2022 అక్టోబరులో వచ్చిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ తీర్పు ఉంది, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసు. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ కేవలం విద్య కోసమే ఉండాలి, మిగులు దారిలో తగిలితే ఫరవాలేదు కానీ అదే ధ్యేయం కాకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. మేం కూర్చున్ననాటికి ఆ తీర్పు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు సొసైటీ మినిట్స్ పుస్తకంలో "అత్యధిక మిగులు సాధించినందుకు పురస్కారం" అని రాసుకుంటే, రేపు అసెస్‌మెంట్లో ఆఫీసరు ఆ పేజీకి జెండా కాగితం అంటించి ముందు పెడతాడు. మీ ధ్యేయం ఏమిటో మీరే సంతకాలు చేసి ఇచ్చారంటాడు. ఈ మాటతో కోశాధికారి గారు ఫారం తిప్పి మళ్లీ చదివారు. నీతి కన్నా నోటీసు బాగా పనిచేస్తుంది.

అమెరికాలో సొంత బోర్డుల కింద నడిచే ఇండిపెండెంట్ స్కూళ్ల బిజినెస్ ఆఫీసర్లకు ఎన్‌బీఓఏ అనే జాతీయ సంఘం ఉంది, 1998లో పుట్టింది. కెన్ వైట్ పేరిట ఉత్తమ బిజినెస్ ఆఫీసరుకు ఒకటి, విల్ హాంకాక్ పేరిట తెరవెనక మనుషులకు ఒకటి, ఇలా విడివిడిగా పురస్కారాలు ఇస్తుంది. ఈ విడదీత నాకు నచ్చి మా సంఘంలో ప్రస్తావించాను. నాయకత్వానికీ చాకిరీకీ ఒకే శాలువా కప్పితే రెండూ మసకబారతాయి. నాలుగు స్కూళ్ల సొసైటీకి రెండు పురస్కారాలు ఎక్కువన్నారు, సరేనన్నాను.

ఫారం మాత్రం మార్చాం. మూడు గడులూ పోయాయి. వాటి స్థానంలో రాతపూర్వకంగా జవాబులు అడిగాం. ఈ రోజు స్కూలు మూతపడితే ఎవరెవరికి ఎంత బాకీ, అందుకు డబ్బు ఎక్కడుంది? ఫీజు రాకపోతే ఎన్ని నెలలు జీతాలు ఇవ్వగలరు? యాజమాన్యం అడిగినదానికి మీరు కాదన్న సందర్భం ఫైల్లో ఉందా? మీరు నెల రోజులు సెలవు పెడితే జీతాలు వేయగలిగినవాళ్లు ఎవరు? ఈ ఆఖరి ప్రశ్న హెడ్మాస్టరు గారిది. ఆమె దానికి మంచి జవాబు ఇవ్వలేకపోయారు. బ్యాంకు లాగిన్లు, ఎల్‌ఐసీ ఫైలు, పెన్సిలు గుర్తుల అర్థం అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. దానికి మార్కులు తగ్గించి, ఆరు నెలల్లో ఒక సహాయకుణ్ని తయారుచేయాలని రాశాం. ఆమె వినయంగా ఒప్పుకున్నారు కానీ, సహాయకుడి పోస్టు మూడేళ్లుగా అడుగుతున్నానని కాపీలతో సహా గుర్తుచేశారు.

ప్రశంసాపత్రంలో 'అంకితభావం', 'నిస్వార్థ సేవ' లాంటి మాటలు వద్దని పట్టుబట్టాను. చివరికి రాసింది ఇది: "చట్టం కోర్టులో నలుగుతున్న కాలంలోనే టీచర్ల గ్రాట్యుటీ బాకీని గుర్తించి, తొమ్మిది ఆర్థిక సంవత్సరాల్లో పూర్తిగా తీర్చినందుకు." వార్షికోత్సవంలో చదివినప్పుడు వెనక వరసల్లో తల్లిదండ్రులకు పెద్దగా అర్థం కాలేదు. టీచర్ల వరసకు అర్థమైంది.

శాలువాతో పాటు 25,000 రూపాయలు ఇచ్చారు. మర్నాడు ఉదయం ఆమె నాకు ఫోను చేశారు. "ఆడిటర్ గారూ, యజమాని ఇచ్చిన నగదు బహుమతి జీతం కిందికే వస్తుంది కదండీ? ఈ నెల నా టీడీఎస్‌లో కలిపేస్తున్నాను, తర్వాత ఫారం 16లో కనపడకపోతే బాగుండదు." కలపమన్నాను.

రెండో స్కూలు కుర్రాడికి మా పరిశీలన కాపీ పంపించాం. మరుసటి ఏడాది అతను కాషన్ డిపాజిట్లను, ముందస్తు ఫీజులను అప్పుల వైపుకు మార్చాడు. గ్రూప్ గ్రాట్యుటీలో మొదటి వాయిదా కట్టించాడు. ఆ సర్దుబాట్లతో స్కూలు 5 లక్షల లోటు చూపింది. కమిటీ సమావేశంలో అతనికి చివాట్లు పడ్డాయట. జవాబుగా ఒక పేజీ నోటు పెట్టాడు, మధ్యలో నిలువు గీత గీసి. హాల్ టికెట్ల అలవాటు మాత్రం అక్కడ ఇంకా పోలేదు, దాని గురించి ఫారంలో మరో ప్రశ్న చేర్చాలని సంఘానికి రాశాను.